పాత పళ్లలో ప్లేగు జాడ

ప్రశ్న: ఐదు వేల ఏళ్ల నాటి ప్లేగు ఎలుకల మీది ఫ్లీ పురుగుల ద్వారా అంతగా వ్యాపించలేదంటారు. అది ఎలా తెలిసింది?

జవాబు: ఆ కాలపు మనుషుల పంటి లోపలి గుజ్జు గది నుంచి. బతికుండగా అక్కడికి నెత్తురు చేరేది, అందుకే చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ అందులో మిగులుతుంది. పంటి నుంచి తీసిన పొడిలోని డీఎన్‌ఏ చాలావరకు మట్టి బాక్టీరియాదే. ప్లేగు క్రిమికి దగ్గరి బంధువైన యెర్సీనియా సూడోట్యూబర్‌క్యులోసిస్‌తో పొరబడటం తేలిక. అసలు పాతదో కాదో తేల్చేది డీఎన్‌ఏ ముక్కల చివరలు: ముక్కలు పొట్టిగా ఉండి, చివర్లలో డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన ‘సి’ చెడి ‘టి’గా చదవబడుతుంది. ఈ గుర్తు లేకపోతే ఫలితాన్ని నమ్మను.

2015లో వెలువడిన కంచుయుగపు ప్లేగు క్రిమి జన్యుక్రమాల్లో అత్యంత పాతవాటిలో వైఎంటీ జన్యువు లేదు. ఫ్లీ పేగులో నెత్తురు అరిగేటప్పుడు తయారయ్యే హానికర పదార్థాల నుంచి బాక్టీరియాను కాపాడేది ఇదే. రష్యాలోని సమారా ప్రాంతంలో దొరికిన 3800 ఏళ్ల నాటి జన్యుక్రమంలో మాత్రం అది ఉంది. ఆ జన్యువు లేనంత మాత్రాన పాత ప్లేగు ఫ్లీ ద్వారా అస్సలు సోకలేదనకూడదు. ఆ దారి బలహీనంగా ఉండేదనడమే సబబు.