ఆ తల్లి ఇంటికి కెమెరా వెళ్లిందా?

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. అట్లాంటాలో మీ తెలుగు మహిళల బృందానికి నల్లజాతి తల్లుల కథలున్న అమెరికన్ సినిమాలు నెలకొకటి చూపించాలనుకుంటున్నానని రాశావు. ఫిల్మ్ సొసైటీ నడిపినదాన్ని కాబట్టి సలహా చెప్పమన్నావు. సంతోషం. అయితే నువ్వు పంపిన జాబితా నాకు నచ్చలేదు. ఆస్కార్లు వచ్చినవీ, ఆస్కార్ పోటీలో నిలిచినవీ ఏరి పెట్టావు. వాటిలో సగం సినిమాల్లో ఆ తల్లి పరాయివాళ్ల వంటింట్లో ఉంటుంది. మిగతా సగంలో సొంత పిల్లల్ని కాల్చుకు తింటూ ఉంటుంది. ఈ వరుసలో చూపించావంటే మీ వాళ్లు ఇప్పటికే నమ్ముతున్నదాన్ని ఇంకాస్త గట్టిగా నమ్మి ఇళ్లకు వెళ్తారు.

సినిమాలు ఎంచుకునేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటుంది. ఆ తల్లి పని ముగించుకుని తలుపు దగ్గరగా వేసి బయటికి వచ్చాక కెమెరా ఆమె వెంట వెళ్లిందా, యజమానురాలి ఇంట్లోనే ఉండిపోయిందా? పాత్ర గౌరవంగా ఉందా, ఆమె మంచిదా చెడ్డదా అన్నవి తర్వాత చూసుకోవచ్చు. ముందు ఈ ఒక్కటీ చూడు.

నువ్వు ఉంటున్న ఊరితోనే మొదలుపెట్టు. 1939 డిసెంబరులో 'గాన్ విత్ ద విండ్' తొలి ప్రదర్శన అట్లాంటాలోనే, లోయీస్ గ్రాండ్ థియేటర్లో అట్టహాసంగా జరిగింది. అందులో దాది 'మ్యామీ'గా నటించిన హ్యాటీ మెక్‌డానియెల్ మాత్రం అక్కడ లేదు. జార్జియాలో అప్పుడు జాతుల వేర్పాటు చట్టాలు అమల్లో ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది ఆమె ఉత్తమ సహాయ నటి ఆస్కార్ అందుకుంది. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. లాస్ ఏంజెలెస్‌లో ఆ బహుమతుల విందు జరిగిన హోటల్లో ఆమెను సహనటులతో కలిపి కూర్చోబెట్టలేదు, విడిగా ఒక బల్ల వేశారు. ఈ సంగతి చాలామందికి తెలుసు, మీ వాళ్లూ ఎక్కడో చదివే ఉంటారు. నువ్వు దీనికి కలపాల్సింది మరొకటి ఉంది. ఆ పాత్రకు సొంత పేరు లేదు. ఆమెకు పిల్లలు ఉన్నారో లేరో అంత పొడవు సినిమాలో ఎవరూ అడగరు. తెల్లపిల్ల నడుముకు లేసులు బిగించే చేతులకు తన బిడ్డను ఎత్తుకునే అవసరం ఎప్పుడైనా వచ్చిందా అన్న ఆలోచన ఆ కథ రాసినవాళ్లకు తట్టలేదు.

అది ఒక్క సినిమా చేసిన పని అనుకోకు. 1923లో అమెరికన్ సెనేట్ రాజధాని వాషింగ్టన్‌లో 'నమ్మకమైన మ్యామీ'లకు స్మారక విగ్రహం కట్టాలన్న బిల్లును ఆమోదించింది. నల్లజాతి మహిళా సంఘాలు గట్టిగా ఎదురుతిరిగాయి, చివరికి ఆ విగ్రహం లేవలేదు. దానికి కొన్ని నెలల ముందు, నల్లజాతివాళ్లను గుంపుగా పట్టి చంపడాన్ని కేంద్ర నేరంగా మార్చే బిల్లు అదే సెనేట్‌లో సాగదీత ప్రసంగాల కింద నలిగి చచ్చింది. పరాయి బిడ్డను పెంచిన తల్లికి విగ్రహం కావాలి, ఆమె సొంత బిడ్డను కాపాడే చట్టం అక్కర్లేదు. తర్వాత వచ్చిన సినిమాలు ఈ వాతావరణంలోంచి పుట్టినవే.

ఇక 1959 నాటి 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్'. దీన్ని జాబితాలోంచి తీసేయకు, కానీ మొదట పెట్టకు. ఎందుకో చెబుతాను. కుట్టు మిషను తొక్కి కొడుకును చదివించే తల్లిని, తెల్లచీర కట్టి దగ్గుతూ పిల్లల కోసం కరిగిపోయే తల్లిని చూస్తూ పెరిగినవాళ్లం మనం. త్యాగం చేసే అమ్మ తెరమీదికి వస్తే చాలు, మనకు రుమాలు కావాలి. ఈ సినిమాలో జువానిటా మూర్ వేసిన ఆనీ అలాంటి అమ్మే. తెల్లగా పుట్టిన కూతురు నల్లతల్లిని కాదని పారిపోతుంది, తల్లి బెంగతో మంచం పడుతుంది. మీ వాళ్లు ఏడుస్తారు, ఏడవనివ్వు. కానీ ఒక సన్నివేశం దగ్గర మాత్రం ఆపి వెనక్కి తిప్పి చూపించు. ఆనీ తన అంత్యక్రియల గురించి మాట్లాడుతూ తనకు చాలామంది స్నేహితులున్నారంటుంది. ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో ఉన్న తెల్ల యజమానురాలు లోరా ఆశ్చర్యపోతుంది. నువ్వెప్పుడూ అడగలేదు కదా అంటుంది ఆనీ. మహాలియా జాక్సన్ పాడే ఆ అంత్యక్రియల్లో చర్చి కిక్కిరిసి ఉంటుంది, వీధి పొడవునా జనం. వాళ్లంతా ఎవరు? అంతసేపూ ఎక్కడున్నారు? లోరా అడగలేదు సరే, కెమెరా కూడా అడగలేదు. దర్శకుడు డగ్లస్ సర్క్ ఇది తెలిసే చేశాడని నా నమ్మకం. మీ బృందంలో ఎవరో ఒకరు కాదంటారు, ఆ వాదన జరగనివ్వు.

మొదట చూపించాల్సింది 'క్లాడీన్'. 1974లో వచ్చింది. నీ జాబితాలో లేదు, మీ వాళ్లలో ఎవరూ విని ఉండరు. డయాన్ కారోల్ వేసిన క్లాడీన్, న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌లో ఆరుగురు పిల్లల తల్లి. ఈమె కూడా తెల్లవాళ్ల ఇంట్లో పనిచేసేదే, ఆనీ చేసిన పనే. కానీ ఈ కెమెరా ఆమెతో పాటు బస్సెక్కుతుంది, అలసిన కాళ్లతో ఇంటికి వస్తుంది, ఆరుగురూ ఒకేసారి అరుస్తుంటే వింటుంది. ప్రేమ పుడితే సిగ్గుపడటం కూడా చూస్తుంది. ప్రియుడు చెత్తబండి మీద పనిచేసే మనిషి, ఆ పాత్ర వేసింది జేమ్స్ ఎర్ల్ జోన్స్. సినిమా నవ్విస్తుంది కూడా. నల్లజాతి తల్లి తెరమీద నవ్వడానికి, పోట్లాడటానికి, ఒక మగవాణ్ణి ఇష్టపడటానికి అనుమతి ఉన్న సినిమాలు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టవలసినవే.

ఆ సినిమాలో సోషల్ వర్కర్ తనిఖీకి వచ్చే సన్నివేశాల దగ్గర నిదానించు. ఆమె వస్తోందని తెలియగానే ఇల్లంతా గాభరా. పిల్లలు వస్తువులు దాచేస్తారు, మగమనిషి కంటపడకూడదు. క్లాడీన్ సంపాదన బయటపడితే ప్రభుత్వ సాయంలో కోత, ప్రియుడు బహుమతి తెస్తే దానికీ లెక్క. పెళ్లి చేసుకుంటే మరో చిక్కు. చూస్తున్నవాళ్లకు అప్పుడు అర్థమవుతుంది, ఆ ఇంట్లో తండ్రి కుర్చీ ఖాళీగా ఉండటానికి కాగితాల మీద రాసిన నిబంధనలకూ పాత్ర ఉందని. ఇది రచయిత కల్పన కాదు. 'ఇంట్లో మగవాడు' అన్న పేరుతో కొన్ని రాష్ట్రాలు తల్లీపిల్లలకు సాయం ఆపేసేవి. అలబామా నుంచి వచ్చిన కేసులో 1968లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసేదాకా అది నడిచింది. కొట్టేశాక కూడా తనిఖీలు, లెక్కలు పోలేదు.

మీ వాళ్లలో ఒకరైనా అంటారు: "మనకున్న కుటుంబ విలువలు వాళ్లకు లేవండీ." నువ్వు కోపగించుకోకు, నీకు కోపం ముక్కు మీదే ఉంటుందని నాకు తెలుసు. మెల్లగా 1662కు తీసుకెళ్లు. ఆ ఏడాది వర్జీనియా వలస ప్రభుత్వం చట్టం చేసింది, తల్లి బానిస అయితే బిడ్డా బానిసే అని. అప్పటిదాకా ఇంగ్లండు సంప్రదాయం ప్రకారం బిడ్డ హోదా తండ్రిని బట్టి ఉండేది. దాన్ని తలకిందులు చేయడంతో యజమాని తన వల్ల పుట్టిన బిడ్డకు తండ్రి కానక్కర్లేకపోయింది, పైగా ఆ బిడ్డ అతని ఆస్తిలో చేరింది. అమ్మినప్పుడల్లా కుటుంబాలు చెదిరిపోయాయి. అంతర్యుద్ధం ముగిసి విడుదలయ్యాక ఆ మనుషులు చేసిన మొదటి పనుల్లో ఒకటి, తప్పిపోయిన తల్లుల కోసం, బిడ్డల కోసం పత్రికల్లో ప్రకటనలు వేయడం. పాస్టర్లు వాటిని చర్చిలో చదివి వినిపించమని వేడుకునేవారు. దశాబ్దాల తర్వాత కూడా ఆ ప్రకటనలు వచ్చాయి. కుటుంబం మీద మమకారం లేనివాళ్లు చేసే పని కాదది.

తర్వాత 1965. కార్మిక శాఖ సహాయ మంత్రి డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ నల్లజాతి కుటుంబం మీద ఒక నివేదిక రాశారు. అందులో బానిసత్వం గురించి, నిరుద్యోగం గురించి ఉంది. కానీ జనం నోళ్లలో నిలిచింది మాత్రం, తల్లుల పెత్తనం వల్ల ఆ కుటుంబాలు చెడిపోయాయన్న మాట. 1976 ఎన్నికల ప్రచారంలో రొనాల్డ్ రీగన్ షికాగోలో సంక్షేమ నిధులను కాజేసిన ఒక మహిళ కథను సభల్లో చెప్పుకొచ్చారు. 'వెల్ఫేర్ క్వీన్' అన్న ముద్ర అక్కణ్ణుంచి ఊరూరా పాకి నల్లజాతి తల్లుల నెత్తిన పడింది. సినిమాల్లో సోఫాలో కూర్చుని పిల్లల్ని తిట్టే తల్లి ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడు. మరొకటి కూడా మీ వాళ్లకు చెప్పు. దేశాలవారీ కోటాలు తీసేసి మనలాంటివాళ్లకు అమెరికా తలుపు తెరిచిన వలస చట్టం కూడా అదే 1965లో వచ్చింది, పౌరహక్కుల ఉద్యమం తెచ్చిన ఊపులో. ఆ ఉద్యమంలో నడిచిన తల్లుల గురించి మనం మాట్లాడుకుంటున్నాం.

'ద బ్లైండ్ సైడ్' నీ జాబితాలోంచి తీసేయి. నల్లకుర్రవాణ్ణి తెల్లతల్లి చేరదీసిన కథ, కన్నతల్లికి అందులో ఒక్క చిన్న సన్నివేశం. అసలు వ్యక్తి మైకేల్ ఓహర్ తనను వాళ్లు చట్టబద్ధంగా దత్తత తీసుకోనేలేదని 2023లో కోర్టుకెక్కాడు, దత్తత బదులు పెట్టిన సంరక్షక ఏర్పాటును ఆ ఏడాదే న్యాయస్థానం రద్దు చేసింది. ఇంతకంటే దాని మీద సమయం వద్దు.

'క్రూక్లిన్' చేర్చు. స్పైక్ లీ తన చెల్లెలితో, తమ్ముడితో కలిసి రాసినది, 1994లో వచ్చింది. బ్రూక్లిన్‌లో ఐదుగురు పిల్లలు, టీచరు పనిచేసే తల్లి, సంగీతం తప్ప సంపాదన పట్టని తండ్రి. ఆల్ఫ్రీ వుడార్డ్ వేసిన ఆ తల్లి సహనమూర్తి ఏమీ కాదు. అరుస్తుంది, డబ్బు దగ్గర మొగుణ్ణి నిలదీస్తుంది, మళ్లీ ఆ ఐదుగురినీ ఒళ్లోకి లాక్కుంటుంది. మన ఇళ్లలో ఎవరినో చూస్తున్నట్టే ఉంటుంది. ఒక హెచ్చరిక: కూతురు దక్షిణాదిలో చుట్టాలింటికి వెళ్లే భాగంలో బొమ్మ సన్నగా నొక్కేసినట్టు కనిపిస్తుంది. దర్శకుడు కావాలనే అలా తీశాడు. ముందే చెప్పకపోతే ఎవరో ఒకరు లేచి టీవీ సరిచేయడం మొదలుపెడతారు. సినిమా విడుదలైనప్పుడు థియేటర్లలోనూ ఇదే గొడవ జరిగింది.

ఇవన్నీ అయ్యాకే 'మూన్‌లైట్'. అందులో తల్లి మాదకద్రవ్యాలకు బానిస. దర్శకుడు బారీ జెంకిన్స్, మూల కథ రాసిన టారెల్ ఆల్విన్ మెక్రేనీ, ఇద్దరూ మయామీలో ఒకే పేటలో పెరిగినవాళ్లు, ఇద్దరి తల్లులూ ఆ వ్యసనంలో చిక్కుకున్నవాళ్లే. ఆ పాత్ర వేయడానికి నవోమీ హారిస్ మొదట వెనకాడింది, ఇంకో మూస పాత్ర అవుతుందని. తర్వాత ఒప్పుకుని మూడు రోజుల్లో తన భాగం పూర్తి చేసింది. తల్లి చెడ్డగా ఉన్నా సినిమా ఆమెను వదిలేయదు. చివర్లో చికిత్సా కేంద్రంలో ఆమె కొడుకు ఎదుట కూర్చుని తన తప్పు తనే చెప్పుకుంటుంది. ఆ మాటలు చెప్పడానికి ఆమెకు తెర ఇచ్చారు. నువ్వు ముందే ఈ సినిమా వేస్తే మీ వాళ్లకు వ్యసనం ఒక్కటే కనిపిస్తుంది. క్లాడీన్‌ను, క్రూక్లిన్ తల్లిని చూసి వచ్చినవాళ్లకు మనిషి కనిపిస్తుంది.

సినిమాలు ఎలా ఉంటే ఏమిటి, నిజ జీవితానికి ఏమవుతుంది అని అడుగుతారు. ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడు. సినిమా వల్లే ఇది జరిగిందని ఎప్పుడూ అనకు, అది నిరూపించలేవు. కానీ నల్లజాతి స్త్రీ ఎంతైనా ఓర్చుకుంటుందని, నొప్పి చెబితే పెంచి చెబుతుందని సమాజం నమ్మడానికి శతాబ్దాలుగా పేరుకున్న బొమ్మలు సాయపడ్డాయి. ఆ నమ్మకంతోనే ఆసుపత్రిలో ఆమె మాటను పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. 2021లో అమెరికాలో లక్ష జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 69.9. తెల్లజాతి తల్లులతో పోలిస్తే ఇది 2.6 రెట్లు. డబ్బూ చదువూ ఉన్న నల్లజాతి స్త్రీలకు కూడా ఈ ముప్పు పోవడం లేదు. మీ బృందంలో డాక్టర్లు ఉన్నారని రాశావు కదా, ఈ చర్చ వాళ్లకు వదిలిపెట్టు, నువ్వు వింటూ కూర్చో.

ఇరుగుపొరుగు నల్లజాతి స్త్రీలను కూడా పిలవాలనుకుంటున్నావు. తప్పకుండా పిలువు, మొదటి నెల నుంచే పిలువు. కానీ సినిమా అయిపోగానే అందరూ వాళ్ల వైపు తిరిగి "మీ ఇళ్లలో నిజంగా ఇలాగే ఉంటుందా?" అని అడిగే పరిస్థితి రానివ్వకు. వాళ్లు సాక్ష్యం చెప్పడానికి రాలేదు, సినిమా చూడటానికి వచ్చారు. వాళ్లకు నచ్చని సినిమా ఉంటే నచ్చలేదనే హక్కు వాళ్లకూ ఉంది, అది నేను మెచ్చిన 'క్లాడీన్' అయినా సరే.

నీ పరిచయ ఉపన్యాసం పది నిమిషాలు దాటకూడదు. నేను పైన రాసినదంతా ఒకేసారి చెప్పేయకు, ఏ నెలకు ఏది అవసరమో అంతే. క్యాప్షన్లు తప్పనిసరిగా పెట్టు, హార్లెమ్ మాట్లాడే ఇంగ్లీషు మన చెవులకు వెంటనే పట్టదు.

'టిల్' చివరి నెలకు ఉంచు. 1955లో మిసిసిపీలో 14 ఏళ్ల నల్లజాతి కుర్రవాడు ఎమెట్ టిల్‌ను తెల్లవాళ్లు చంపేశాక, తల్లి మేమీ టిల్ షికాగోలో శవపేటిక తెరిచే ఉంచమంది. తన బిడ్డకు ఏం చేశారో లోకం చూడాలంది. వేలమంది వరుసలో వచ్చి చూశారు, 'జెట్' పత్రిక ఆ ఫొటో వేసింది. ఇన్ని సినిమాల్లో ఎవరో ఎటు చూపిస్తే అటు నిలబడ్డ తల్లుల తర్వాత, లోకం ఏం చూడాలో తనే నిర్ణయించిన తల్లి ఈమె. దర్శకురాలు చినోన్యే చుక్వు ఆ హత్యను తెరమీద చూపించలేదు, తల్లి ముఖాన్ని మాత్రం వదల్లేదు. ఆ రోజు చిన్నపిల్లల్ని తీసుకురావద్దని వారం ముందే అందరికీ ఫోన్లు చేసి చెప్పు. టిఫిన్లు సినిమాకు ముందే పెట్టించేయి, తర్వాత ఎవరికీ తినబుద్ధి కాదు.

మార్చిన జాబితా తయారవగానే నాకు పంపు. ఈసారి కూడా ఆస్కార్లు చూసి ఎంచుకుంటే ఫోన్లోనే తిడతాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ