సినిమా చూసి ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ పరీక్ష రాయొచ్చా?

డిగ్రీ సిలబస్‌లో జేన్ ఆస్టెన్ నవల ఉంది, చదివే టైం లేదు, సినిమా చూస్తే సరిపోతుందా అని అడిగారు. నల్లగొండ జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీలో ఇదే నవల చెబుతుంటాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను. కథ తెలియడానికి సినిమా చాలు. మార్కులకు చాలదు.

ఆంగ్ లీ తీసిన 1995 సినిమా మంచిదే. స్క్రీన్‌ప్లేకి ఎమ్మా థాంప్సన్‌కు ఆస్కార్ వచ్చింది, కథలోని అక్కాచెల్లెళ్లలో అక్క ఎలినార్ వేషం కూడా ఆమెదే. కానీ 1811 నాటి నవల్లో ఎలినార్‌కు 19 ఏళ్లు, థాంప్సన్ అప్పటికే 35 దాటిన మనిషి. అంత చిన్నపిల్ల ఇంటి బరువంతా మోస్తోందన్న సంగతి తెరమీద తెలియదు.

పేపర్లు దిద్దేటప్పుడు ‘మేరియన్ పెళ్లిని విల్లోబీ గుర్రం మీంచి దూరంగా చూశాడు’ అని రాసినవాళ్లు తగులుతూనే ఉంటారు. మేరియన్ అంటే ఎలినార్ చెల్లెలు, విల్లోబీ ఆమెను ప్రేమించి వదిలేసినవాడు. అతను అలా పెళ్లి చూడడం సినిమాలోనే ఉంది. నవల్లో, 44వ అధ్యాయంలో, మేరియన్ జబ్బున పడి ఉన్న రాత్రి అతను లండన్ నుంచి పరుగున వస్తాడు. తాగొచ్చాడేమోనని ఎలినార్ అనుమానపడుతుంది. డబ్బు కోసమే ఇంకొకామెను చేసుకున్నానని ఒప్పుకుంటాడు. అంతా విన్నాక ఎలినార్‌కు అతనిమీద జాలి కూడా కలుగుతుంది. ఈ సీను సినిమాలో లేనే లేదు.

ఇక రెండో అధ్యాయం. నన్నడిగితే నవలంతా అక్కడే ఉంది. చనిపోయే ముందు ఎలినార్ వాళ్ల తండ్రి, సవతి తల్లినీ చెల్లెళ్లనూ చూసుకొమ్మని మొదటి భార్య కొడుకు జాన్ దగ్గర మాట తీసుకుంటాడు. ఆస్తి జాన్‌ది. చెల్లెళ్లకు తలా 1000 పౌండ్లు ఇద్దామనుకుంటాడు. భార్య ఫ్యానీ ముందు దాన్ని సగం చేయిస్తుంది. తర్వాత తల్లికి ఏడాదికి 100 అనుకుంటారు, అదీ వద్దు, అప్పుడప్పుడూ 50 చాలంటారు. చివరికి ఇల్లు మారేటప్పుడు కాస్త సాయం, సీజన్‌లో చేపలు, వేటమాంసం పంపడం దగ్గర తేలుతుంది. ఒక్క అరుపు లేదు, తిట్టు లేదు. పైగా జాన్‌కు ధర్మం చేసినంత తృప్తి!

ఇది క్లాసులో చెప్తుంటే హాలియా వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి ‘మా వదిన గూడ గిట్లనే లెక్క చెప్పింది మేడం’ అంది. కాల్వ కింద పొలంలో వాటా మాట ఎత్తితే, కట్నం కింద అంతా ఇచ్చేసినం గదా అని మొదలుపెట్టి, బతుకమ్మకు చీర పెడతాం అన్న దగ్గర ఆపిందట. అందరూ నవ్వారు, ఆ తర్వాత ఎవరి అమ్మ ఎక్కడ సంతకం పెట్టి వాటా వదులుకుందో ఒక్కొక్కరే చెప్పడం మొదలైంది. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు వాటా మన దగ్గర 1986 చట్టంతో, దేశమంతటా 2005లో వచ్చింది. సంతకాలు మాత్రం ఆగలేదు. ఆంగ్ లీ కూడా ఈ బేరాన్ని చక్కగానే తీశాడు, కాకపోతే కాసేపటికే ప్రేమకథలు దాన్ని కప్పేస్తాయి. నవల్లో ఎవరికి ఏడాదికి ఎంత రాబడి అన్న లెక్క చివరిదాకా వదలదు.

తెలుగులో చూడాలంటే, రాజీవ్ మీనన్ ఇదే కథతో 2000లో తీసిన తమిళ సినిమా ‘ప్రియురాలు పిలిచింది’గా డబ్ అయింది. సరదాగా చూడండి, జవాబుల్లో వాడొద్దు. అందులో టబు ఉద్యోగంలో చేరుతుంది, ఐశ్వర్యారాయ్ సినిమా పాటలు పాడుతుంది. నవల్లో అక్కాచెల్లెళ్లకు అలాంటి దారే లేదు, పెళ్లొక్కటే దిక్కు. విల్లోబీ బదులు వచ్చిన శ్రీకాంత్ అనే పాత్ర ఫైనాన్స్ కంపెనీ మునిగిపోవడం మాత్రం మా పిల్లలకు వివరించాల్సిన పనిలేదు. బోర్డు తిప్పేసిన చిట్టీల కథలు వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి.

కాబట్టి ముందు 1995 సినిమా చూసి, 2, 22, 44 అధ్యాయాలు చదవండి. 22లో లూసీ అనే అమ్మాయి, ఎలినార్ ఇష్టపడే ఎడ్వర్డ్‌తో తనకు రహస్యంగా నిశ్చితార్థం అయిందని బయటపెడుతుంది, దానిమీద ప్రశ్న రావచ్చు. నవల ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది, గైడు కొనక్కర్లేదు. సినిమాకు ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, విల్లోబీ స్పెల్లింగ్ అయినా సరిగ్గా వస్తుంది.