సంచికి కట్టే చీటీ మీద మన సముద్రం

విశాఖపట్నం

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

నువ్వు కుట్టే జనపనార సంచులకూ, చేత్తో కట్టే నోటుపుస్తకాలకూ సముద్రం, కొండలు, చెట్ల బొమ్మల మీద మంచి మాటలు వేసిన చీటీలు జతచేయాలని ఉందనీ, ఆ కొటేషన్ బొమ్మలనే వాట్సాప్ స్టేటస్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెట్టాలని ఉందనీ రాశావు. ఆలోచన మంచిది. ఇన్నేళ్లుగా చేతిపనుల వస్తువులు అమ్ముతూ నేను గమనించినదేమిటంటే, కొనేవారు సంచిని చూసి ముచ్చటపడి తీసుకుంటారు కానీ, ఇంటికి వెళ్లాక ఫోటో తీసి అక్కచెల్లెళ్లకు పంపేటప్పుడు దానికి కట్టిన చీటీ కూడా కనబడేలా పెట్టి మరీ తీస్తారు. కాబట్టి ఆ చీటీ మీది బొమ్మా, మాటా రెండూ నీవే కావాలి. ఎక్కడో దొరికిన ఫోటో మీద ఎవరిదో మాట అతికించి నీ కుట్టుపనికి కడితే, చేతిపని అని చెప్పుకుని అడిగే ధరకు నువ్వే గండి కొట్టుకున్నట్టు అవుతుంది.

ముందుగా బొమ్మ సంగతి చెబుతాను. అన్‌స్ప్లాష్, పెక్సెల్స్ వంటి వెబ్‌సైట్లలో ఉచితంగా దొరికే ఫోటోలను వ్యాపారానికి వాడుకోవచ్చు కానీ, చెప్పుకోదగ్గ మార్పేమీ చేయకుండా వాటినే అచ్చువేసి అమ్మకూడదు. అంటే రేపు నీ చీటీలు బాగున్నాయని ఎవరైనా కార్డులుగా విడిగా అడిగితే, అప్పుడు నీకు చిక్కు వస్తుంది. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు, అంటే కొన్ని షరతులతో అందరూ వాడుకోవచ్చని తీసినవారే ఇచ్చే అనుమతి, ఉన్న ఫోటోలలో వాణిజ్యానికి వాడరాదన్న షరతు ఉన్నవి కొన్ని ఉంటాయి; వాటిని అసలు ముట్టుకోవద్దు. అయితే నా అభ్యంతరం లైసెన్సులతోనే ఆగిపోదు. ఆ ఫోటోలలో మంచుకొండలు, దేవదారు అడవులు, సముద్రంలో కుంగిపోయే సూర్యుడు కనిపిస్తాయి. మనది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలో నుంచి పైకి వస్తాడు, సాయంత్రం ఊరి వెనుక కొండల వైపు దిగుతాడు. విశాఖలో తయారైన సంచి మీద నీళ్లలో మునిగే సూర్యుణ్ణి చూస్తే, రోజూ ఆర్కే బీచ్‌లో నడిచే మనిషి ఆ బొమ్మ ఎక్కడి నుంచో తెచ్చినదని చూడగానే గ్రహిస్తాడు.

నీ ఫోనుతోనే నువ్వు తియ్యి. సూర్యుడు పూర్తిగా పైకెక్కకముందు బీచ్‌లో ఉండే మెత్తని వెలుతురు పదింటికి వెళితే దొరకదు. కైలాసగిరి మీద నుంచి కనిపించే తీరపు వంపు, యారాడ కొండ, భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు, చలికాలం మొదట్లో అరకు పొలాల్లో విరగబూసే పసుపుపచ్చని వలిసె పూలు, ఇవన్నీ నీకు అందుబాటులో ఉన్నవే. తీసేటప్పుడు మాటకు చోటు వదలడం నేర్చుకో. ఫోటోలో మూడింట రెండు వంతులు ఆకాశమో, తడి ఇసుకో ఉంటే అక్షరాలు హాయిగా కూర్చుంటాయి. నురగ మీదా, ఆకుల గుబురు మీదా ఎంత మంచి మాట వేసినా చదవడానికి రాదు. వల లాగుతున్న మత్స్యకారుల ముఖాలు కనిపించేలా తీస్తే వారిని అడిగి, అది అమ్మే వస్తువు మీద వస్తుందని చెప్పి, ఒప్పుకుంటేనే వాడు. మన ఊరు తూర్పు నౌకాదళానికి ప్రధాన స్థావరం కనుక నౌకాదళ ప్రాంతాల వైపు కెమెరా తిప్పవద్దు, అనుమతుల సంగతి తేల్చుకోకుండా డ్రోన్ ఎగరేయించవద్దు.

ఇక మాట. ఇందులోనే చాలామంది తొందరపడతారు. మన దేశపు 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి సంవత్సరం మొదలుకొని 60 ఏళ్లపాటు ఆయన రచనల మీద హక్కులు వారసులకో, హక్కులు పొందినవారికో ఉంటాయి. గురజాడ 1915లో కన్నుమూశారు కనుక ఆయన పంక్తులు ఎవరైనా వాడుకోవచ్చు. వేమన పద్యాలకూ అడ్డు లేదు. శ్రీశ్రీ మన విశాఖ బిడ్డ కదా అని ఆయన పంక్తిని సంచి మీద వేయాలని నీకు తప్పక అనిపిస్తుంది. కానీ ఆయన 1983లో పోయారు కనుక 2043 చివరి వరకు ఆ హక్కులు ఉంటాయి. సినిమా పాటల చరణాల జోలికి వెళ్లనే వద్దు. ఫోన్లలో తిరిగే సూక్తుల కింద వివేకానందుడి పేరో, అబ్దుల్ కలాం పేరో ఉన్నంత మాత్రాన అవి వారివని నమ్మడానికి లేదు. అచ్చయిన పుస్తకంలో నీ కళ్లతో చూడని మాటకు ఎవరి పేరూ కింద పెట్టవద్దు.

అన్నింటికన్నా మేలైన దారి నువ్వే రాయడం. రాయడం రాదని అనకు. నువ్వు కవిత్వం రాయనక్కరలేదు, నీ వస్తువు ఆరుబయట ఏం చేస్తుందో చెబితే చాలు. సంచికి "ఉప్పుగాలి తగిలినా ఊడని కుట్టు" అనీ, నోటుపుస్తకానికి "అరకు రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవారికి" అనీ రాశావనుకో, అందులో ఊరూ ఉంటుంది, వస్తువూ ఉంటుంది, నీ చేయీ ఉంటుంది. జీవితం ఒక ప్రయాణం, ప్రకృతే గురువు వంటి మాటలు ఏ వస్తువుకైనా అతుకుతాయి కాబట్టి నీ వస్తువును గుర్తుండేలా చేయలేవు. ఆరేడు పదాలు దాటనివ్వకు. ఇంట్లో పైకి చదివి చూడు. ఊపిరి తిప్పుకోవలసి వస్తే కుదించు. అన్నట్టు, ఉప్పుగాలికి ఊడని కుట్టు అని రాస్తే అది నిజంగా ఊడకూడదు, కాబట్టి ముందు పిడుల దగ్గర జంటకుట్టు వెయ్యి. చెట్ల బొమ్మ పక్కన పర్యావరణానికి హాని చేయనిది అని రాయాలంటే దానికి ఆధారం చూపగలగాలి. పర్యావరణం పేరుతో చేసే తప్పుదోవ ప్రకటనలను అరికట్టడానికి 2024లో కేంద్రం ప్రత్యేకంగా మార్గదర్శకాలు తెచ్చింది. లోపల ప్లాస్టిక్ లైనింగ్ వేసిన సంచికి ఆ మాట రాయడం ఏ రకంగానూ న్యాయం కాదు. అలాగే ఊళ్లో కుట్టిన దాని మీద అరకు బొమ్మ వేసినప్పుడు, అది అరకులో తయారైందని కొనేవారు పొరబడకుండా "తయారీ: విశాఖపట్నం" అని వెనుక వైపు స్పష్టంగా ఉండాలి.

తెలుగు అక్షరాల విషయంలో నేను గట్టిగానే చెబుతాను. ఒత్తు విడిపోయిన అక్షరం ఉన్న చీటీని చూస్తే, తయారుచేసినవారికి తమ భాష మీదే శ్రద్ధ లేదనిపిస్తుంది, ఇక కుట్టు మీద ఉందని ఎలా నమ్ముతారు? కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ తెలుగు సరిగా కూర్చోక ఒత్తులు పక్కకు పడతాయి. ప్రెస్సులో వాడే, యూనికోడ్ కాని 'అను' ఫాంట్లకు మార్చేటప్పుడు కూడా అక్షరాలు తారుమారవుతాయి. అందుకని ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి, తిరిగి టైపు చేయవద్దని చెప్పు. మండలి, రామభద్ర, మల్లన్న, సూరన్న వంటి ఫాంట్లు ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉచితంగా ఉన్నాయి, వ్యాపారానికీ వాడుకోవచ్చు. ఫోటో మీద సన్నని గీతల ఫాంటు కలిసిపోతుంది కనుక కాస్త లావుపాటిది ఎంచుకో. మన అక్షరాలకు పైన గుడులూ కింద ఒత్తులూ ఉంటాయి కాబట్టి, ఇంగ్లీషుకు వదిలే ఖాళీ కన్నా వరుసల మధ్య ఎక్కువ ఖాళీ వదలాలి.

అచ్చు గురించి క్లుప్తంగా చెబుతాను. అంగుళానికి 300 చుక్కల లెక్కన 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తు కార్డుకు 1200, 1800 పిక్సెళ్ల బొమ్మ కావాలి. ప్రెస్సుకు వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది కుదించుకుపోతుంది, డాక్యుమెంటుగా పంపు. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు ఎక్కువ వదిలితే కత్తిరింపులో తెల్ల అంచు రాదు. ఫోన్లో మెరిసే సముద్రపు నీలం సిరాలో మసకబారుతుంది, కాబట్టి ముందు ఒక నమూనా వేయించి, ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతురులో చూడు. మన ఊరి తేమకు మామూలు ఇంక్‌జెట్ రంగు కారిపోతుంది, పిన్నులు తుప్పుపట్టి బట్టకు మరక చేస్తాయి. లేజరు లేదా ఆఫ్‌సెట్ అచ్చు వేయించి, చీటీని జనపనార పురితో కట్టు.

ఇన్‌స్టాగ్రామ్‌కు అదే బొమ్మను 1080, 1350 పిక్సెళ్ల కొలతలో వేరుగా చేసుకో. రోజుకొకటి పెట్టవద్దు, వారానికొకటి చాలు. ప్రతి బొమ్మలోనూ ఎక్కడో ఒకచోట నీ సంచి కనిపించాలి: ఇసుకలో పెట్టినదో, కొండ మెట్ల మీద భుజానికి వేసుకున్నదో. వట్టి ఆకాశం మీద మాట వేసి పెడితే నలుగురూ పంచుకుంటారు కానీ, అది ఎవరిదో, ఏమి అమ్ముతున్నారో ఎవరికీ తెలియదు. దుకాణం పేరు కింద మూలన చిన్నగా ఉంటే చాలు, ఫోను నంబరుతో బొమ్మ మొత్తం నింపవద్దు.

మొదటి విడతలో మూడు రకాల కంటే ఎక్కువ వేయించవద్దు. ఏది ఎక్కువమంది అడుగుతారో చూశాక మిగతావి చేయించవచ్చు. నమూనా వచ్చిన వెంటనే నాకు ఒకటి పంపించు, సంచికి కట్టే పంపించు, ఎందుకంటే చీటీ ఒక్కటే చూసి ఆ రంగు జనపనార మీద నప్పిందో లేదో నేను చెప్పలేను.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య