ఎత్తు కాదు, తాళం చూడండి

ప్రశ్న: జంట తారలు దగ్గరవుతూ వెలువరించే గురుత్వ తరంగాల పౌనఃపున్యం విలీనం దాకా ఎలా పెరుగుతుందో చెప్పే న్యూటన్ స్థాయి చిర్ప్ సూత్రాన్ని పైథాన్‌లో రాశాను. 2017 ఆగస్టు 17న తరంగం దొరికిన న్యూట్రాన్ తారలకు 24 హెర్ట్జ్ నుంచి విలీనం దాకా 100 సెకన్లు వచ్చింది, బాగానే ఉంది. కానీ ఆ తరంగం డేటాతో కలవడం లేదు. 2015 సెప్టెంబరు 14న దొరికిన కృష్ణబిలాలకు 36, 29 సౌరరాశులు (సూర్యుడి ద్రవ్యరాశికి అన్ని రెట్లు) పెడితే చివరి భాగం అసలు పోలడం లేదు. తప్పెక్కడ?
– ఎమ్మెస్సీ విద్యార్థి, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

జవాబు: సెకన్లు సరిపోయాయని సూత్రాన్ని నమ్మకండి. మన వైపు తప్పెటగుళ్లు చూసే ఉంటారు. ఒకరి దెబ్బ మెత్తగా పడినా నడిచిపోతుంది, తాళం తప్పితే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. డేటాలో సంకేతాన్ని వెతికే మ్యాచ్డ్ ఫిల్టర్ పద్ధతి చెవి కూడా అలాంటిదే. మీ తరంగాన్ని డేటాతో గుణించి కూడుకుంటూ పోతుంది. నడుమ ఫేజ్ (తరంగం ఊగే తాళం) అర ఆవర్తనం జారితే అక్కడి నుంచి కూడికంతా తీసివేతే.

ఎంత జారుతుందంటారా? చెరి 1.4 సౌరరాశుల న్యూట్రాన్ తారలకు 10 హెర్ట్జ్ నుంచి న్యూటన్ లెక్క సుమారు 16,000 ఆవర్తనాలు ఇస్తుంది. న్యూటన్ లెక్కకు ఐన్‌స్టీన్ సిద్ధాంతం అంచెలంచెలుగా చేర్చే సవరణల్లో మొదటిది, అంటే మొదటి పోస్ట్-న్యూటోనియన్ సవరణ, దానికి 440 కలుపుతుంది. 1.5 స్థాయి 210 తీసేస్తుంది. వెలువడిన తరంగం ఆ జంట వంచిన స్థలకాలంలోనే చెదిరి వెనకబడి రావడం దీనికి కారణం, దీన్ని 'తోక' అంటారు. 2వ స్థాయి మరో పది కలుపుతుంది. 3.5కి వచ్చేసరికి మిగిలేది ఒకటి లోపే. అందుకే అక్కడిదాకా తీసుకెళ్లాలి. 1995లో 2వ స్థాయిని తేల్చినవారిలో బెంగళూరు రామన్ పరిశోధన సంస్థకు చెందిన బాల అయ్యర్ ఉన్నారు.

కృష్ణబిలాల సంగతి వేరు. 4,400ను మొత్తం సౌరరాశులతో భాగించండి, సూత్రం చెల్లే హద్దు హెర్ట్జ్‌లలో వస్తుంది. న్యూట్రాన్ తారలకు అది 1,570. మీ కృష్ణబిలాలకు (కింద చెప్పిన రెడ్‌షిఫ్ట్ కలిపితే మొత్తం 71) 62 మాత్రమే! ఆ సంకేతమేమో 35 నుంచి 150 దాకా ఎనిమిది ఆవర్తనాల్లో ఎక్కి అక్కడ శిఖరం చేరింది. అంటే బలమైన భాగమంతా హద్దు అవతలే ఉంది. అక్కడ ఐన్‌స్టీన్ సమీకరణాలను కంప్యూటర్‌తో పూర్తిగా సాధించాల్సిందే. 2005లో ఫ్రాన్స్ ప్రిటోరియస్ అనే శాస్త్రవేత్త తొలిసారి సాధించారు. ఆ ఫలితాలతో సరిచూసి తయారుచేసిన ఐఎంఆర్‌ఫినామ్‌డి లాంటి తరంగ నమూనాలు పైసీబీసీ అనే పైథాన్ లైబ్రరీలో ఉన్నాయి, వాటిని వాడండి. విలీనం తర్వాత గంట కొట్టినట్టు మోగి ఆరిపోయే చివరి మోతను మన సి.వి.విశ్వేశ్వర 1970లోనే లెక్కగట్టారు.

ప్రోగ్రాంలో మూడు చోట్లు వెతకండి. 36, 29 అక్కడి ద్రవ్యరాశులు. డిటెక్టర్‌కు చేరేసరికి రెడ్‌షిఫ్ట్ (విశ్వం వ్యాకోచించడంతో తరంగం సాగడం) వల్ల 1.09తో గుణించాలి. లేకపోతే 35 హెర్ట్జ్ నుంచి 0.165 సెకను రావలసింది 0.19 వస్తుంది. సూత్రంలోని పౌనఃపున్యం తరంగానిది, కక్ష్యది కాదు, తరంగానిది రెట్టింపు. ఇక తరంగాన్ని సున్నా నుంచి మెల్లగా ఎత్తండి, ఒక్కసారిగా మొదలుపెడితే ఆ తెగిన అంచు అన్ని పౌనఃపున్యాల్లోనూ దొంగ శక్తిని చిమ్ముతుంది.

ప్రశ్న: ఇలాంటి జంటల కక్ష్య కచ్చితంగా వృత్తమేనని ఎందుకు అనుకుంటారు?
– పాఠకురాలు, గాజువాక

జవాబు: తరంగాలే దాన్ని గుండ్రంగా చేస్తాయి. భౌతిక శాస్త్రవేత్త పీటర్స్ 1964లో చూపినట్టు, కక్ష్య చిన్నదయ్యేకొద్దీ దాని సాగుదల (వృత్తానికి సున్నా ఉండే ఉత్కేంద్రత) దాదాపు దాని సైజు 19/12వ ఘాతంలో తగ్గుతుంది. హల్స్-టేలర్ పల్సార్ జంటకు (ఇవీ న్యూట్రాన్ తారలే) ఇప్పుడది 0.617. ఆ జంట 10 హెర్ట్జ్‌కు, అంటే 700 కిలోమీటర్ల దూరానికి దగ్గరయ్యేసరికి అది లక్షలో ఒక వంతు కూడా ఉండదు. కిక్కిరిసిన తారాగుచ్ఛాల్లో ఆలస్యంగా జతకట్టిన కృష్ణబిలాలకు మాత్రం ఈ ధీమా పనికిరాదు.