పారిస్‌లో ఏడాది ఇంటీరియర్ డిప్లొమా: పాతిక లక్షలు పెట్టొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. బొమ్మలు బాగా వేస్తుంది. ఫ్రెంచ్ ఇళ్ల అలంకరణ, పెద్ద హోటళ్ల ఇంటీరియర్స్ అంటే ప్రాణం. పారిస్‌లో ఇంగ్లిష్‌లో చెప్పే ఏడాది డిప్లొమా ఉందనీ, అన్నీ కలిపి పాతిక లక్షలవుతుందనీ ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెబుతున్నారు. పంపించమంటారా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: ఇంటర్ అవగానే ఆ కోర్సుకు పంపకండమ్మా. ఫ్రాన్స్ వద్దని కాదు, ఆ ఏడాది చదువు ఆమె కోరుకునే పనికి చాలదని.

ఫ్రాన్స్‌లో ఈ రంగంలో రెండు రకాల వాళ్లుంటారు. రంగులు, కర్టెన్లు, ఫర్నిచర్, లైట్లు చూసేది డెకరేటర్. గోడ తీయడం, బాత్రూమ్ చోటు మార్చడం, మెట్లు గీయడం, డ్రాయింగులిచ్చి సైట్‌లో పని చేయించడం ‘ఆర్షిటెక్ట్ దాంతేరియర్’ (ఇంటీరియర్ ఆర్కిటెక్ట్) చేతిలో ఉంటుంది. హోటళ్ల పనులు ఎక్కువగా వీళ్లకే వస్తాయి. 1977 నాటి చట్టం ‘ఆర్కిటెక్ట్’ అనే హోదాను కాపాడుతుందే తప్ప ఈ హోదాను కాదు. కాబట్టి ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు, ఎవరైనా కోర్సు అమ్మొచ్చు. ఆ వృత్తి మండలి సీఎఫ్ఏఐ మాత్రం ఇంటర్ మీద ఐదేళ్ల చదువును ప్రమాణంగా తీసుకుంటుంది. ఏడాది కాగితంతో, ఫ్రెంచ్ రాకుండా వెళ్లిన పిల్ల డెకరేటర్ల వరసలో కూడా చివర్న నిలబడాల్సి వస్తుంది.

కన్సల్టెన్సీని ముందుగా అడగాల్సింది ఆ కోర్సు ఆర్ఎన్‌సీపీ నంబరు. ఫ్రాన్స్ గుర్తించిన వృత్తి అర్హతల జాతీయ పట్టిక అది, ఫ్రాన్స్ కాంపెటాన్స్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. స్థాయి 6 అని ఉంటే ఇంటర్ మీద మూడేళ్లు, 7 అని ఉంటే ఐదేళ్లు. పక్కనే నమోదు ముగిసే తేదీ కూడా ఉంటుంది, అది చదువు పూర్తయ్యేదాకా నిలుస్తుందో లేదో చూడండి. ‘బ్యాచిలర్’, ‘మాస్టేర్’ లాంటి పేర్లను ప్రైవేటు సంస్థలు ఇష్టం వచ్చినట్టు తగిలించుకుంటాయి. ప్రభుత్వ ‘మాస్టర్’ వేరు. ఈ తేడా చదువైపోయాక తెలుస్తుంది: అక్కడే ఉండి ఉద్యోగం వెతుక్కునే పర్మిట్ అడిగినప్పుడు కోర్సు పేరును కాదు, దానికి ప్రభుత్వ గుర్తింపు ఏ స్థాయిలో ఉందో చూస్తారు.

మంచి సంస్థలు లేవా అంటే, ఉన్నాయి. పారిస్‌లోని ఎకోల్ బూల్ 1886లో మొదలైన ప్రభుత్వ సంస్థ. పద్నాలుగో లూయీ ఆస్థానంలో ఫర్నిచర్ చేసిన ఆంద్రే షార్ల్ బూల్ పేరు పెట్టారు. అక్కడ ఆర్ట్స్, డిజైన్‌లో మూడేళ్ల ప్రభుత్వ డిప్లొమా ‘డీఎన్‌మేడ్’ ఉంది, ఫీజు నామమాత్రం. దరఖాస్తు ఫ్రాన్స్ ప్రభుత్వ అడ్మిషన్ల పోర్టల్ పార్కూర్‌సుప్‌లో, జనవరి నుంచి మార్చి మధ్యలో. చదువంతా ఫ్రెంచ్‌లోనే, పోటీ గట్టిది. ఎకోల్ కామోందో 1944లో పెట్టిన ప్రైవేటు సంస్థ, ఐదేళ్ల కోర్సు. ప్రైవేటులో ఏడాది ఫీజు మామూలుగా 8 వేల నుంచి 15 వేల యూరోల దాకా ఉంటుంది.

నా సలహా: ఇక్కడ డిగ్రీ చేయించండి, పక్కనే ఫ్రెంచ్ నేర్పించండి, తర్వాత రెండేళ్ల మాస్టర్స్ స్థాయికి పంపండి. మీ ఊళ్లోనే ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఉంది. అక్కడ బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) సీటు జేఈఈ మెయిన్ పేపర్-2తో వస్తుంది, మిగతా చాలా కాలేజీలకు నాటా పరీక్ష రాయాలి. లెక్కలంటే విసుగు లేకపోతే బీఆర్క్‌కే నా ఓటు. రేపు ఫ్రాన్స్ కలిసిరాకపోయినా చేతిలో వృత్తి ఉంటుంది. ఇంటీరియరే కావాలంటే హైదరాబాద్‌లోని ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో ఆ డిగ్రీ ఉంది.

ఫ్రెంచ్ విషయంలో మాత్రం రాజీ పడొద్దు. భాషా స్థాయిలు ఏ1, ఏ2, బీ1, బీ2 అని పైకి వెళ్తాయి. సున్నా నుంచి బీ2 దాకా సుమారు 500 నుంచి 600 గంటల క్లాసులు పడతాయి, అంటే నాలుగేళ్లకు పంచితే ఏడాదికి 150 గంటలు. హైదరాబాద్ అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో నేర్చుకోవచ్చు. చాలామంది ఏ2 దగ్గర ఆపి, ఆర్నెల్ల తర్వాత మళ్లీ మొదటికొస్తారు. సైట్‌లో వడ్రంగితో, ప్లంబర్‌తో మాట్లాడేది ఫ్రెంచ్‌లోనే, మాస్టర్స్ ఇంగ్లిష్‌లో చదివినా సరే.

ఇక పోర్ట్‌ఫోలియో, అంటే అడ్మిషన్‌కు చూపే తన పనుల పుస్తకం. సీట్లు ఎక్కువగా పోయేది ఇక్కడే. ఇన్‌స్టాలో చూసిన గదులను 3డీలో మళ్లీ చేసి పెడితే ఎంపిక చేసేవాళ్లు రెండో పేజీకే పక్కన పెడతారు. పదిహేను, ఇరవై పేజీలు చాలు. అందులో చేత్తో గీసిన స్కెచ్‌లు, ఆలోచన ఎలా మారిందో చూపే చిత్తు కాగితాలు, ఒక అట్ట మోడల్ ఫొటోలు, నిజంగా ఉన్న ఒక గది కొలతలు ఉండాలి. గదికి నాలుగు గోడలే కాదు, ఎదురెదురు మూలల మధ్య రెండు దూరాలూ కొలవమనండి. ఆ రెండూ సమానంగా రాకపోతే గది మూలలు లంబకోణంలో లేవన్నమాట, మన ఇళ్లలో తరచూ రావు. కిటికీ దిమ్మ ఎత్తు, బీమ్ కింది ఎత్తు, గోడ మందం కూడా రాయాలి. ప్లాన్ 1:50లో (అసలు కొలతలో యాభయ్యో వంతు), సెక్షన్ (నిలువుకోత బొమ్మ) 1:20లో, ఒక జాయింట్ వివరం 1:5లో గీయాలి. కొలతలన్నీ మెట్రిక్‌లో (సెంటీమీటర్లు, మిల్లీమీటర్లు) ఉండాలి. అడుగులు, అంగుళాలు, ఎస్‌ఎఫ్‌టీ అక్కడ ఎవరికీ ఎక్కవు (చదరపు మీటరంటే 10.76 ఎస్‌ఎఫ్‌టీ).

ఆమెకిష్టమైన ఫ్రెంచ్ శైలినే ఒక ప్రాజెక్టుగా చేయమనండి, కానీ అది మన ఫ్లాట్లలో ఎందుకు కుదరదో తేల్చేలా. పారిస్‌లో ఓస్మాన్ (పందొమ్మిదో శతాబ్దంలో ఆ నగరాన్ని తిరగకట్టించిన అధికారి) కాలపు భవనాల్లో ముఖ్యమైన అంతస్తు సీలింగ్ మూడు మీటర్లు దాటుతుంది, గోడల మీద మౌల్డింగ్, పైన కార్నిస్ అక్కడ ఇమిడిపోతాయి. మన దగ్గర పదడుగుల గదికి ఫాల్స్ సీలింగ్ వేసి తొమ్మిదడుగులకు దించి, దాని కింద మళ్లీ బరువైన పీఓపీ కార్నిస్ పెడతారు. గది నెత్తిన కూర్చున్నట్టుంటుంది. ఇంకో తప్పు వరస తప్పడం: ఎలక్ట్రీషియన్ గోడ కొట్టి స్విచ్ బాక్సులు పెట్టేశాక ప్యానెళ్లు గీస్తారు, మౌల్డింగ్ సరిగ్గా స్విచ్‌బోర్డు మీదుగా పోతుంది. ప్యానెల్ లేఅవుట్ ముందు, వైరింగ్ తర్వాత. వైజాగ్ లాంటి సముద్రపు గాలిలో మామూలు ఎండీఎఫ్ (చెక్కపొట్టు బోర్డు) మౌల్డింగ్ చెమ్మకు ఉబ్బుతుంది, అక్కడ పీయూ (పాలీయూరిథేన్) రకం మేలు. ఇలాంటి నాలుగు విషయాలు గీతలతో చూపిన పిల్లను సంస్థలు గుర్తుపెట్టుకుంటాయి.

కలంకారీ అద్దకాల పెడన కూడా మీకు దగ్గరే. మచిలీపట్నంతో సహా కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన అద్దకపు బట్టలకు ఫ్రాన్స్‌లో ఎంత మోజు పుట్టిందంటే, అక్కడి నేతగాళ్ల కోసం 1686లో వాటిని నిషేధించారు, 1759లో గానీ ఎత్తేయలేదు. మరుసటి ఏడాదే ఓబర్‌కాంఫ్ అనే అద్దకపు నిపుణుడు పారిస్ దగ్గరి జూయీలో అద్దకం ఫ్యాక్టరీ పెట్టాడు. ఇప్పటికీ ఫ్రెంచ్ పడకగదుల్లో కనిపించే ‘త్వాల్ ద జూయీ’ అచ్చు బట్ట అక్కడిదే. పెడన అచ్చు దిమ్మె నుంచి పారిస్ కర్టెన్ దాకా ఒక ప్రాజెక్టు చేస్తే, అది అరువు తెచ్చుకున్నట్టు ఉండదు.

డబ్బు లెక్క. వీసాకు నెలకు కనీసం 615 యూరోలు చూపమంటారు, పారిస్‌లో అవి చాలవు. 1,000 నుంచి 1,200 వేసుకోండి. ఏడాదికి 964 గంటల వరకు పని చేసుకోవచ్చు గానీ, ఆ సంపాదనను ఫీజులో కలపొద్దు. డిజైన్ స్టూడియో పనులు రాత్రంతా తింటాయి. యూరో వంద రూపాయలనుకుంటే ప్రైవేటులో రెండేళ్ల మాస్టర్స్‌కు నలభై నుంచి అరవై లక్షల దాకా అవుతుంది, ప్రభుత్వ సంస్థలో సీటొస్తే దాదాపు సగం. ల్యోన్, నాంత్ నగరాల్లో అద్దెలు తక్కువ.

కన్సల్టెన్సీకి అడ్వాన్సేమైనా కట్టారా? కట్టకపోతే ఆగండి. కట్టుంటే, వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారో, ఎన్ని రోజుల్లో ఇస్తారో ఆ పారిస్ విద్యాసంస్థ లెటర్‌హెడ్ మీద రాయించుకోండి, కన్సల్టెన్సీ మాట మీద కాదు.