ఊరికి పర్యాటకులు రావాలి, ఊరు చెడకూడదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత గుడి, చెరువు, చేతివృత్తులు ఉన్న మీ ఊరికి పర్యాటకులను రప్పిస్తూనే వాటిని కాపాడుకోవడం ఎలా అని అడిగారు. నేను భూదాన్ పోచంపల్లిలో నేత కుటుంబంలో పుట్టాను. వచ్చినవారికి ఊరు తిప్పి చూపిస్తుంటాను. నన్నడిగితే, వాళ్ళు పెట్టే ఖర్చు ఎవరి చేతికి అందుతుందన్నది ముందు తేల్చుకోండి.

మా ఊరికి పేరుకు కొదవ లేదు. 1951 ఏప్రిల్ 18న వెదిరె రామచంద్రారెడ్డి గారు వంద ఎకరాలు ఇస్తామనడంతో వినోబా భావే భూదానోద్యమం ఇక్కడే మొదలైంది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల జాబితాలో చేర్చింది. ఆ పేరు విని జనం వస్తారు. కానీ మగ్గం ముందు ఫొటో దిగి, వెళ్తూ వెళ్తూ మా ఇక్కత్ (పోగులకు ముందే రంగులద్ది నేసే నేత) డిజైను అచ్చువేసిన మిల్లు చీర కొనుక్కుంటే నేతకారుడికి ఒరిగేదేమీ లేదు. పైగా అంతసేపూ అతని పని ఆగిపోతుంది.

అందుకే నేను ముందు ఆసు చూపిస్తాను, అంటే రంగులద్దే ముందు నూలును మేకుల చుట్టూ వరుసగా చుట్టే పని. ఒక చీరకు నూలు ఆసు పోయాలంటే ఆడవాళ్ళు వేలసార్లు చెయ్యి ఆడించాల్సి వచ్చేది. తల్లి భుజాల నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ తర్వాత చిటికి కట్టడం: పోగులకు రబ్బరు పట్టీలు బిగించి, రంగులో ముంచి, విప్పి, మళ్ళీ కట్టడం. నేయకముందే పోగుల మీద డిజైను ఉంటుందని కళ్ళారా చూసినవారు బేరమాడటానికి మొహమాటపడతారు. చీర తిరగేసి చూడమంటాను. అసలు ఇక్కత్‌లో రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, పువ్వు అంచులు కాస్త అలుక్కున్నట్టు కనిపిస్తాయి. అచ్చు చీర వెనకవైపు సాధారణంగా వెలవెలబోతుంది.

చెరువు సంగతి మరింత జాగ్రత్త. గిరాకీ పెరిగితే అద్దకం పెరుగుతుంది, రంగునీళ్ళూ పెరుగుతాయి. ఆ నీళ్ళు ఎటు పోవాలో, బస్సులు ఎక్కడ ఆగాలో, ప్లాస్టిక్ సీసాలు ఎవరు ఏరాలో మొదటి బస్సు రాకముందే గ్రామసభలో తేల్చుకోండి. పని చూపించే ఇంటికి రుసుము కూడా అప్పుడే ఖరారు చేయండి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.

మీ ఊళ్ళో ఏ వృత్తులవారు ఉన్నారో రాయండి. ఏ పని ముందు చూపిస్తే బాగుంటుందో చెబుతాను.