రూపాయి రేటు ఎందుకు పెరుగుతుంది, ఎందుకు పడిపోతుంది? మా తమ్ముడు కువైట్ నుంచి డబ్బు పంపాలి, ఇప్పుడే పంపమనాలా, ఆగమనాలా?

చాలామంది ఇంకో మాట కూడా అడుగుతారు, ఒక కువైట్ దినార్‌కు అన్ని వందల రూపాయలు వస్తున్నాయంటే ఆ దేశం మనకంటే అన్ని రెట్లు గొప్పదా అని. ముందు దాని సంగతి చూద్దాం. 1961 దాకా కువైట్‌లో నడిచింది మన రిజర్వ్ బ్యాంకు అచ్చేసిన గల్ఫ్ రూపాయే. ఆ ఏడాది దినార్ తెచ్చినప్పుడు దాన్ని బ్రిటిష్ పౌండుకు సమానంగా పెట్టారు, అంటే అప్పటి లెక్కలో 13 రూపాయల చిల్లర. నోటు మీది అంకె ఎక్కడ మొదలుపెట్టారన్నది వాళ్ళ ఇష్టం. జపాన్ యెన్ మన రూపాయి కంటే చిన్నది, అంతమాత్రాన జపాన్ మనకంటే పేదది కాదు కదా. చూడాల్సింది అంకె ఎంత అని కాదు, ఎటు జరుగుతోంది అని.

నాది రాయచోటి దగ్గర పల్లె. కువైట్‌లో తొమ్మిదేళ్ళు ఒక స్టోర్‌లో పనిచేశాను. ఇది నాకు అర్థమైంది చదువుకుని కాదు, 2013లో దెబ్బ తిని.

ఆ ఏడాది మే నెలలో దినార్ 190 దగ్గర ఉంది. ఆగస్టు చివరికి 230 దాటేసింది. ఫర్వానియాలో మేము డబ్బు పంపే ఎక్స్ఛేంజ్ ముందు శుక్రవారం వస్తే క్యూ రోడ్డు మీదికి వచ్చేది, లోపల బోర్డు మీద రేటు మారినప్పుడల్లా వెనకున్నవాళ్ళు 'ఎంతన్నా, ఎంత?' అని అరిచేవాళ్ళు. దినార్ పెరిగిందని అందరం సంబరపడ్డాం. నిజానికి దినార్ పెద్దగా కదల్లేదు. దాన్ని డాలర్ లాంటి కొన్ని పెద్ద కరెన్సీలను కలిపి లెక్కేసిన విలువకు కట్టేసి ఉంచుతారు. దుబాయ్ దిర్హమ్, సౌదీ రియాల్ అయితే నేరుగా డాలర్‌కే కట్టేసినవి. దుబాయ్‌లో ఉన్న మా బావమరిదికీ అదే వారం అంతే పెరిగింది. పడింది మన రూపాయి ఒక్కటే అనుకునేరు, ఇండోనేషియా, బ్రెజిల్, టర్కీ, దక్షిణాఫ్రికా డబ్బులు కూడా అదే సమయంలో పడ్డాయి.

ఎందుకంటే, మదనపల్లె మార్కెట్‌లో టమాటా ఎలాగో డాలర్ కూడా అంతే. సరుకు తక్కువ దిగి కొనేవాళ్ళు ఎక్కువైతే రేటు లేస్తుంది. మన దేశానికి డాలర్లు తెచ్చేది సాఫ్ట్‌వేర్, ఎగుమతులు, గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ ఉన్న మనలాంటివాళ్ళు, షేర్లలో డబ్బు పెట్టే విదేశీ ఫండ్లు. డాలర్లు కొనుక్కునేది ముఖ్యంగా క్రూడ్ ఆయిల్ కోసం, మనం వాడే దాంట్లో ఎనభై శాతం పైనే బయటి నుంచి రావాలి. తర్వాత బంగారం. ఫండ్ల డబ్బు పక్కన పెడితే, 2012-13లో ఈ రాక, పోకల మధ్య తేడా మన జీడీపీలో 4.8 శాతానికి వెళ్ళింది. దాన్ని పూడ్చేది విదేశీ ఫండ్ల డబ్బు. అప్పుడు అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా కాబట్టి అది ఇక్కడికి వచ్చింది. 2013 మే 22న అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ అప్పటి ఛైర్మన్ బెన్ బెర్నాంకీ, మార్కెట్‌లోకి వదిలే డబ్బు తగ్గించొచ్చు అన్నాడు. తగ్గించలేదు, అన్నాడు అంతే. ఆ డబ్బు తగ్గితే అక్కడ వడ్డీ లేస్తుంది. ఊళ్ళో నూటికి రెండు రూపాయల వడ్డీ వస్తుందంటే ఎవరైనా బ్యాంకులోది తీస్తారు కదా, అలాగే వాళ్ళ ఊళ్ళో వడ్డీ లేస్తుందనగానే ఇక్కడిది తీసుకుని పోయారు. మే మొదట్లో 54 దగ్గర ఉన్న డాలర్ ఆగస్టు 28న 68 దాటింది.

ఇక నా సంగతి. స్లాబు కోసం 400 దినార్లు పోగేశాను. 232 ఉన్నప్పుడు పంపొచ్చు. రూమ్‌లో అందరూ 250 ఖాయం అంటుంటే ఆగాను. తర్వాత తెలిసిందేంటంటే, నాలాగే ఆగడం కూడా రూపాయిని పడేస్తుంది! పంపేవాడు చేతిలో పెట్టుకుంటాడు, ఎగుమతిదారు డాలర్లు తెప్పించుకోడు, దిగుమతిదారు మాత్రం రేపు ఇంకా లేస్తుందని ఈరోజే కొంటాడు. పడేదాంట్లో సగం, పడుతుందని అందరూ అనుకోవడంతోనే పడుతుంది. అందుకే అది తిరగడం కూడా అంతే వేగంగా తిరిగింది. బంగారం మీద దిగుమతి సుంకం అప్పటికే జనవరిలో 6, జూన్‌లో 8, ఆగస్టులో 10 శాతానికి పెంచారు. ఆగస్టు 28 రాత్రి రిజర్వ్ బ్యాంకు మూడు ప్రభుత్వ ఆయిల్ కంపెనీలకు డాలర్లు తానే నేరుగా ఇస్తానంది, అంటే మార్కెట్‌లో అతిపెద్ద కొనుగోలుదారు పక్కకు తప్పుకున్నట్టే. సెప్టెంబరు 4న రఘురామ్ రాజన్ గవర్నరుగా వచ్చి, ఎన్నారై డాలర్ డిపాజిట్లు తెచ్చే బ్యాంకులకు ఆ డాలర్లను రూపాయలుగా మార్చుకుని తర్వాత తిరిగి తీసుకునే సౌకర్యం చవగ్గా ఇచ్చాడు, నవంబరు ఆఖరుకల్లా దాదాపు 2,600 కోట్ల డాలర్లు వచ్చాయి. ఈలోగా ఫెడ్ కూడా ఇప్పుడే తగ్గించడం లేదంది. అక్టోబరులో నేను పంపేసరికి 216. ఆరు వేల నాలుగు వందలు పోయాయి.

పోనీ మే నెల లెక్కన లాభమే కదా అని మా ఆవిడతో అంటే, "నీకు రేటు పెరిగిందంటివి, ఇక్కడ ట్రాక్టర్ ఇసుకకు ఎంత అడుగుతున్నాడో తెలుసా?" అంది. ఆ ఏడాది జనవరి నుంచే డీజిల్ నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచుతున్నారు, రూపాయి పడితే క్రూడ్ ఇంకా ఖరీదు. ఎక్స్ఛేంజ్‌లో నాకొచ్చిన లాభంలో కొంత ఊళ్ళో ట్రాక్టర్‌వాడి దగ్గర దిగిపోయింది.

ఏళ్ళ తరబడి చూస్తే మన దగ్గర ధరలు అమెరికా కంటే వేగంగా పెరుగుతాయి కాబట్టి రూపాయి మెల్లగా దిగుతూనే ఉంటుంది, అది వేరే కథ, దానికి టెన్షన్ పడక్కర్లేదు. రిజర్వ్ బ్యాంకు కూడా రేటు ఇంత ఉండాలని నిర్ణయించదు, మరీ ఊగితే తన నిల్వల్లోంచి డాలర్లు అమ్ముతుంది, ఎక్కువ వస్తే కొంటుంది.

మీ తమ్ముడికి ఊళ్ళో వడ్డీ అప్పు ఉంటే ఆగమనకండి, రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, రూపాయి మామూలుగా ఏడాదిలో అంత పడదు. అప్పు లేకపోయినా జీతం వచ్చిన రోజే పంపేయమనండి. పంపే ముందు ఒకే వీధిలో రెండు మూడు ఎక్స్ఛేంజ్‌లు అడగమనండి, బోర్డు మీది రేటు ఒక్కటే కాదు, ఫీజు పోను ఇంట్లో చేతికి ఎన్ని రూపాయలు పడతాయని అడగాలి.